గిబ్బీని అడగకూడదు

ఓస్లా రాటర్ ముప్పయ్యొక్క ఏళ్ళు మా దీవి పడమటి వైపున, వెస్ట్‌సైడ్‌లో, స్కూలు బస్సు నడిపింది. మా మలుపు దగ్గరికి ఆ బస్సు ఎనిమిదీ పన్నెండుకి వచ్చేది. ఎనిమిదీ పదమూడుకి పరిగెత్తుకొచ్చిన పిల్లలకి వెనక ఎర్రదీపాలు మాత్రమే కనిపించేవి. ఒకసారి సొంత కూతురినే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నాలుగు మైళ్ళు ఎదురుగాలిలో నడిచి బడికి చేరింది. సాయంత్రం ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, సూపు తాగి పడుకున్నారు. ఇంత గడియారం మనిషికి దేవుడు పనిగట్టుకుని గిబ్బీని తగిలించాడు.

గిబ్బీ ఉమ్‌ఫ్రేకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఏప్రిల్ మొదట్లో స్కోరా దీవి దాకా వెళ్ళే పడవ మా తీరంలో అతనిదొక్కటే. మిగతా పడవలవాళ్ళు మే నెల నడిమి దాకా అటువైపు కన్నెత్తి చూడరు, వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. గిబ్బీ వెళ్తాడు. కానీ ఎప్పుడు వెళ్తాడో చెప్పడు. సముద్రం మీదికి బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడని అసలే అడగకూడదు, అడిగితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. మా తాతల నాడు ప్రతి ఇంట్లోనూ ఈ పట్టింపు ఉండేది. ఇప్పుడు అందరూ వదిలేశారు, గిబ్బీ వదల్లేదు. అడగనివ్వకపోతే పోయె, తనంతట తాను చెప్పొచ్చు కదా. అదీ చెప్పడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఓస్లాకి స్కోరా మీద అంత పట్టుదల దేనికంటే, వాళ్ళమ్మ వల్ల. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పదహారేళ్ళప్పుడు గొర్రెల్ని చూసుకోమని ఆవిడని స్కోరాలో మూడు వారాలు దింపారు. అక్కడ ఒక రాతి గుడిసె ఉండేది. ఒక సాయంత్రం ఆ గుడిసె కిటికీలోంచి టామీ నోరీలు దిగడం చూసిందట. టామీ నోరీ అంటే పావురమంత పక్షి. నల్లవీపు, తెల్లరొమ్ము, ఎర్రటి పెద్ద ముక్కు. చలికాలమంతా నడిసముద్రంలో గడిపి, ఏప్రిల్‌లో గుడ్లు పెట్టడానికి వస్తుంది. వచ్చీ రాగానే నేల మీద దిగదు. వేల పక్షులు కొండ కింద నీళ్ళ మీద రోజుల తరబడి తేలుతూ కూర్చుంటాయి. తర్వాత ఏదో ఒక సాయంత్రం అన్నీ కలిసి లేచి కొండవాలు మీద దిగుతాయి. పావుగంటో అంతకన్నా తక్కువో ఉండి, దేనికో బెదిరి, అన్నీ కలిసే లేచిపోతాయి. అలా రెండు మూడు విడతలు అయ్యాక గానీ బొరియల్లో స్థిరపడవు.

"పచ్చటి గడ్డి చూస్తుండగానే తెల్లబడిపోయింది," అని వాళ్ళమ్మ చెప్పేది. మొదటిసారి చెప్పినప్పుడు ఓస్లాకి పధ్నాలుగేళ్ళు. "కోతలు కొయ్యకమ్మా," అంది. ఆవిడ ముఖం ముడుచుకుని చాలా ఏళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆఖరుసారి లెర్విక్ ఆస్పత్రిలో మంచం మీద ఉండి చెప్పింది. అప్పుడూ ఓస్లా "సరేలే" అనేసి దుప్పటి సర్దింది. ఆ వారమే ఆవిడ పోయింది.

"అమ్మ కోతలు కోసిందో, కోసిందని నేననుకున్నానో తేలాలి," అంటుంది ఓస్లా. కంటితో చూడనిది నమ్మే రకం కాదు తను. అందుకని పదకొండేళ్ళుగా ప్రతి ఏప్రిల్‌లోనూ స్కోరాకి వెళ్తోంది. పాత గుడిసె ఎప్పుడో కూలిపోయింది. దీవి మీద మనిషి జాడ కనిపిస్తే టామీలు దిగవు. కాబట్టి కొండ కింద పడవలో కూర్చునే చూడాలి. ఆరుసార్లు పక్షులన్నీ నీళ్ళ మీదే కూర్చుని వీళ్ళ ముఖం చూశాయి. మూడుసార్లు వెళ్ళేసరికే దిగి లేచిపోయాయి. రెండుసార్లు పొగమంచులో పక్షులు సరే, దీవే కనబడలేదు.

నాలుగేళ్ళ కిందట లీడ్స్ నగరం నుంచి ఒకాయన ఒకే ఒక్క రోజు కోసం వచ్చాడు. జేబులో సాండ్‌విచ్ పెట్టుకుని జెట్టీ మీద ఊరికే నిలబడి ఉంటే గిబ్బీ ఎక్కమన్నాడట. ఆ సాయంత్రమే టామీలు దిగాయి. మర్నాడు షాపులో ఆయన ఓస్లాని పట్టుకుని, "మీకిది రోజూ కనిపిస్తుందా? ఎంత అదృష్టవంతులండీ," అన్నాడు. ఓస్లా చేతిలో కోడిగుడ్ల అట్ట అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది.

"అయితే మీ అమ్మ చెప్పింది నిజమేగా, ఆయన కళ్ళారా చూశాడుగా," అన్నాను నేను.

"ఆయనెవరో నాకేం తెలుసే," అంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో గిబ్బీ కుడి భుజం పూర్తిగా పట్టేసింది. పడవని ఆర్క్నీ దీవుల మనిషికెవరికో అమ్మేశాడని, ఏప్రిల్ పన్నెండు శనివారం అతనొచ్చి తోలుకుపోతాడని షాపులో తెలిసింది. ఆ సాయంత్రమే ఓస్లా చంకలో వాల్‌పేపర్ చుట్టతో మా వంటింట్లోకి వచ్చింది. బల్ల మీది గిన్నెలన్నీ నా అనుమతి లేకుండా పక్కకి నెట్టి, కాగితాన్ని వెనక్కి తిప్పి పరిచింది. పెన్సిలుతో గళ్ళు గీసి ఉన్నాయి. తేదీ, గాలి, ఆటుపోటు, గత పదకొండేళ్ళలో ఏ రోజు ఏమైంది, అన్నీ.

"ఇదేమిటే, యుద్ధానికి వెళ్తున్నావా?" అన్నాను.

"ఇదే ఆఖరు, రోనా. ఆ పడవ పోతే నన్ను ఏప్రిల్‌లో అక్కడికి తీసుకెళ్ళే నాథుడు లేడు. ఈసారి ఏదీ గాలికి వదిలెయ్యను."

"అన్నీ రాశావు. గిబ్బీ ఎప్పుడు బయల్దేరతాడో, ఆ గడి ఖాళీగా ఉంది."

ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుని నన్ను కొరకొరా చూసింది.

ఆ ఖాళీ గడి నింపడానికే మా నెలంతా పోయింది. గిబ్బీని అడగడానికి లేదు కాబట్టి గిబ్బీని చదవాలి. షాపు నడిపే విల్మా ఒక సంగతి చెప్పింది. గిబ్బీ మామూలుగా ఒక బ్రెడ్డు కొంటాడు. రెండు కొన్నాడంటే మర్నాడు సముద్రం మీదికి పోతున్నట్టు. మా కిటికీలోంచి అతని గుమ్మం కనిపిస్తుంది. పడవెక్కేటప్పుడు వేసుకునే రబ్బరు ప్యాంటు లోపలి కొక్కెం నుంచి బయటి కొక్కేనికి వచ్చిందంటే అది రెండో గుర్తు. విల్మా ఓస్లాకి ఫోను చెయ్యాలి, నేను ప్యాంటు చూసి ఓస్లాకి ఫోను చెయ్యాలి, రెండూ కలిస్తే బయల్దేరాలి. అరవై దాటిన ముగ్గురు ఆడవాళ్ళం ఒక ముసలాడి ప్యాంటు మీద కాపలా కాస్తున్నామని మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

నన్నెందుకు లాగావని అడిగితే ఓస్లా కాస్త నసిగింది. గిబ్బీ పడవకి ముందువైపు బరువు లేకపోతే ముక్కు తేలిపోతుందట. పాత రోజుల్లో అక్కడ ఒక బండరాయి పెట్టేవాళ్ళట.

"అంటే ఇప్పుడు రాయి బదులు నేనా?"

"రాయి టీ తాగదు, నువ్వు తాగుతావు. అంతే తేడా," అంది. పక్షులంటే నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు, మా కోళ్ళు తప్ప. అయినా ఒప్పుకున్నాను. నలభయ్యేళ్ళ పక్కింటితనం మనిషిని ఎందుకూ పనికిరాకుండా చేస్తుంది.

ఏప్రిల్ ఒకటిన విల్మా ఫోను చేసింది. అప్పుడు నేను ఓస్లా ఇంట్లోనే ఉన్నాను, ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి.

"రెండు కొన్నాడు ఓస్లా."

"రెండూ పెద్దవేనా?"

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"చిన్నదెందుకు?"

"నన్నడుగుతావేం? ఆయన్ని అడిగితే మళ్ళీ నా గడప తొక్కుతాడా?"

మర్నాడు ఉదయం నుంచీ జెట్టీ మీద నిలబడ్డాం. మంచు కలిసిన వాన ముఖం మీద పక్కవాటుగా కొడుతోంది. ఒంటి మీద మూడేసి స్వెట్టర్లు, చేతుల్లో రెండు ఫ్లాస్కులు, సంచిలో ఓట్స్ రొట్టెలు. మధ్యాహ్నానికి గిబ్బీ చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. పడవ కేసి చూసి, ఆకాశం కేసి చూసి, మా కేసి చూశాడు.

"నిలబడ్డానికి మంచి వాతావరణమే ఎంచుకున్నారమ్మాయ్," అని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ చిన్న బ్రెడ్డు యెల్ దీవి నుంచి వచ్చిన మరదలి కోసమని సాయంత్రం తెలిసింది. ఆవిడకి పెద్ద బ్రెడ్డు అరగదట. ఆ మరదల్ని ఓస్లా అన్న మాటలు నేనిక్కడ రాయను.

తర్వాత నాలుగు రోజులు గాలి. అయిదో తారీఖున కొండెక్కి బైనాక్యులర్‌తో చూస్తే స్కోరా కింద నీళ్ళ మీద నల్లటి మరకలు కనిపించాయి. టామీలు వచ్చేశాయి. ఓస్లా ఇంటికి వచ్చి, వాల్‌పేపర్ మీద ఆ గడిలో గుర్తు పెట్టి, అటూ ఇటూ తిరిగింది. రేడియోలో వాతావరణం చెప్పేవాడిని మాటకి మాట ఎదిరించింది. వాడు 'తగ్గే సూచనలు' అంటే ఈమె 'ఎప్పుడ్రా' అంటుంది. వాడినైతే అడగొచ్చు మరి.

ఎనిమిదో తారీఖు మంగళవారం తెల్లారేసరికి సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. ముందురోజే రెండు బ్రెడ్లు, రెండూ పెద్దవి. ప్యాంటు బయటి కొక్కేనికి ఉంది. టామీలు దిగేది సాయంత్రమే కాబట్టి మధ్యాహ్నం మూడింటికి జెట్టీకి చేరాం. గిబ్బీ అప్పటికే పడవలో ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు. నేను నా రాయి స్థానంలో కూర్చున్నాను. ఓస్లా మధ్య బల్ల మీద కూర్చుంది. గిబ్బీ ఇంజను వేశాడు, వేసి ఆపాడు. తాడు విప్పాడు, మళ్ళీ కట్టాడు. పడమర కేసి చూస్తూ పైపులో పొగాకు దట్టాడు.

నాలుగయింది. గిబ్బీ ఒక డబ్బాలోని గాలాలన్నీ పైకి తీసి, తుడిచి, తిరిగి సర్దాడు. నాలుగున్నర అయింది. స్కోరా చేరడానికి గంట పడుతుంది. ఓస్లా కుడికాలితో అక్కడ లేని బ్రేకుని తొక్కుతోంది. నేను ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను, ఊరుకోమని. ఐదయింది. గాలి లేదు, అల లేదు, ఇంతకన్నా మంచి రోజు ఈ దీవుల్లో ఏడాదికి రెండు వస్తే గొప్ప. గిబ్బీ కొత్తగా మరో ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"గిబ్బన్నా," అంది ఓస్లా. "అసలు ఎప్పుడు బయల్దేరుతున్నాం?"

గిబ్బీ చేతులు ఆగాయి. కోప్పడలేదు, ముఖం కూడా మారలేదు. తాడు గట్టిగా కట్టాడు, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు, నిచ్చెన మీంచి జెట్టీ ఎక్కాడు. ఎడమచేత్తో సంచిలోంచి ఒక బ్రెడ్డు తీసి నా ఒళ్ళోకి దింపాడు.

"తీసుకుపోండి, పాడైపోతుంది," అని నడిచిపోయాడు.

పదకొండేళ్ళు నోరు కట్టుకున్న మనిషి. ఇంకొక్క పావుగంట కట్టుకుని ఉంటే సరిపోయేదని నేననలేదు. అననక్కర్లేదు, ఆమె ముఖంలోనే ఉంది. ఇంటికి పోకుండా నేరుగా కొండెక్కింది. ఆరున్నరకి బైనాక్యులర్‌తో చూస్తే నీళ్ళ మీద మరకలు లేవు. అంత దూరం నుంచి అంతకన్నా తెలియదు. దిగాయో, సముద్రంలోకి తిరిగి పోయాయో. ఓస్లా బైనాక్యులర్‌ని నేలకేసి కొట్టబోయి, అది మొగుడు కొనిచ్చిందని గుర్తొచ్చి, తన టోపీని కొట్టింది.

మర్నాడు గాలి మళ్ళీ మొదలైంది. ఓస్లా మాంసం సూపు ఒక సీసాలో పోసుకుని గిబ్బీ ఇంటికి బయల్దేరింది. నోరు జారితే పట్టుకోవడానికని నేనూ వెళ్ళాను. గిబ్బీ పొయ్యి పక్కన భుజానికి ఉన్ని శాలువా చుట్టుకుని కూర్చున్నాడు.

"తప్పయింది," అంది ఓస్లా. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

"అయింది," అన్నాడు గిబ్బీ. "కూర్చోండి."

టీ పోశాడు. ఓస్లా కప్పు తిప్పుతూ, "జరిగిపోయినవి అడగొచ్చా?" అంది.

"జరిగిపోయినవాటికేం, ఎవరైనా అడగొచ్చు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు గాని."

"నలభయ్యారేళ్ళు ఆ కొండ కిందకి మనుషుల్ని తీసుకెళ్ళావు. అవి దిగడం నువ్వెన్నిసార్లు చూశావు?"

గిబ్బీ టీ కలిపాడు. చక్కెర వేసుకోని మనిషి ఏం కలుపుతున్నాడో తెలియదు.

"చూళ్ళేదు," అన్నాడు.

"ఒక్కసారీ?"

"వినడం విన్నాను. రెక్కల మోత వినిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగితే దిగినట్టు. పడవ ముక్కు సముద్రం కేసి పెట్టాలి కదా అమ్మాయ్, పెద్ద అల దానికి ఎదురుగా రావాలి. చుక్కాని దగ్గరున్నవాడికి కొండ వీపు వెనక ఉంటుంది. నీళ్ళ కేసే చూస్తుండాలి. వెనక పది బారల్లో రాళ్ళున్నాయి. మా చిన్నాన్న ఒకసారి తిరిగి చూశాడు. ఆయన ఈదుకుంటూ వచ్చాడు, పడవ ఇప్పటికీ అక్కడే ఉంది, అడుగున."

"మరి లీడ్స్ ఆయన..."

"ఆయన ఏడ్చాడు. నా భుజం పట్టుకుని ఊపుతూ చూడు చూడు అన్నాడు. నేను నీళ్ళు చూస్తున్నాను."

తిరిగి వస్తుంటే గాలి మమ్మల్ని దారి పొడవునా వెనక్కి నెట్టింది. మా గేటు దగ్గర ఓస్లా ఆగి, "నలభయ్యారేళ్ళే. ఇద్దరం ఒకే పడవలో పదకొండుసార్లు వెళ్ళాం. నా గోల నాదే గాని ఒక్కసారి ఆ మాట అడిగిన పాపాన పోలేదు," అంది. తన మీద తనకే కోపంగా ఉంది. నాకూ నా మీద కోపంగానే ఉంది, ఎందుకో తెలియకుండా.

గురువారం విల్మా ఫోను. రెండు బ్రెడ్లు, పెద్దవే. శుక్రవారం ప్యాంటు బయటికి వచ్చింది. శనివారం ఆర్క్నీ మనిషి వస్తున్నాడు. గాలి పడిపోయింది గాని రెండు రోజుల గాలి లేపిన పాత అల ఇంకా దొర్లుతోంది. జెట్టీ మీద ఓస్లా పెదాలు లోపలికి మడుచుకుని కూర్చుంది. గిబ్బీ ఈసారి ముళ్ళేమీ విప్పలేదు. మూడున్నరకి ఇంజను వేసి తాడు పడేశాడు.

స్కోరా కిందకి చేరేసరికి టామీలు నీళ్ళ మీద ఉన్నాయి. వేలు. మా పడవ చుట్టూ నల్లవీపులు, ఎర్రముక్కులు. గిబ్బీ పడవని తిప్పి ముక్కు సముద్రం కేసి పెట్టాడు. నేను ముందు కూర్చుని వెనక్కి తిరిగి ఉన్నాను కాబట్టి నా ఎదురుగా కొండవాలు, నిటారుగా, లేతపచ్చగా. ఆరు దాటింది. నాలుగు పక్షులు లేచాయి, తర్వాత నలభై, తర్వాత లెక్క పోయింది. మా తల మీంచి సముద్రం మీదికి, అక్కణ్ణుంచి కొండ మీదికి, ఒకటే గుండ్రంగా తిరగడం. గుండ్రం ప్రతిసారీ కొండకి కొంచెం దగ్గరవుతోంది.

ఓస్లా ఉన్నట్టుండి లేచింది. "గిబ్బన్నా, లే అక్కణ్ణుంచి."

"ఏమిటి?"

"చుక్కాని నాకివ్వు. ఇక్కడికొచ్చి కూర్చో, కొండ కేసి తిరిగి."

"పిచ్చా నీకు? దీని కోసమే కదా ఇన్నేళ్ళూ..."

"పావుగంట ఉంటాయిగా. ఐదు నిమిషాలు నువ్వు చూడు, తర్వాత మార్చుకుందాం. నలభైమంది పిల్లలతో గడ్డకట్టిన రోడ్డు మీద ముప్పయ్యొక్క ఏళ్ళు నడిపాను, ఒక్కడికీ గీత పడలేదు. ఐదు నిమిషాలు నీ పడవ పట్టుకోలేనా? ఆ భుజంతో నువ్వు మాత్రం ఏం పట్టుకుంటున్నావు?"

గిబ్బీ వాదించే మనిషి కాదు. జాగ్రత్తగా జరిగాడు. ఓస్లా చుక్కాని అందుకుంది. "నీళ్ళ మీంచి చూపు తియ్యకు," అన్నాడు. "వెనక ఏమైనా సరే."

"తియ్యను," అంది ఓస్లా.

అతను మధ్య బల్ల మీద కొండ కేసి తిరిగి కూర్చున్న నిమిషానికే రెక్కల మోత పెరిగింది. చెవుల్లో గాలి కొట్టినట్టు. తర్వాత ఆగిపోయింది, ఒక్కసారిగా. కొండవాలు మీద పైనుంచి కిందిదాకా తెలుపు పాకింది. ఉప్పు చల్లుతున్నట్టు కాదు, చల్లేసినట్టు. గడ్డి ఎక్కడుందో వెతుక్కోవాలి. వేల పక్షులు, అన్నీ నిలబడి, అన్నీ రొమ్ములు మా కేసి తిప్పి, నిశ్శబ్దంగా. గిబ్బీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు పక్షులంటే ప్రేమ లేదన్నాను కదా. అయినా లేచి నిలబడబోయాను, రాయినని గుర్తొచ్చి కూర్చున్నాను.

"దిగాయా?" అంది ఓస్లా, సముద్రం కేసి చూస్తూనే.

"దిగాయి," అన్నాను.

"తెల్లగా ఉందా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె భుజాలు బిగుసుకోవడం చూశాను. పెద్ద అల వస్తోంది, దాని వెనక ఇంకొకటి. ఆమె ఇంజను పెంచి ముక్కుని సూటిగా నిలిపింది. నేను గాల్లోకి లేచి పడ్డాను. రెండోదీ దాటింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆమె కళ్ళు నీళ్ళ మీంచి చీమంత కదల్లేదు. తల వెనక మూడు బస్సుల దూరంలో తనకి కావలసింది మొత్తం ఉంది.

మూడో అల కొండకి కొట్టుకుని పేలింది. ఆ చప్పుడుకి టామీలన్నీ ఒక్కసారిగా లేచాయి. మా మీదుగా కిందికి దూసుకుని, సముద్రం మీద పరుచుకుని, పడమరగా పోయాయి. గిబ్బీ పాకుతూ వెనక్కి వెళ్ళి చుక్కాని అందుకున్నాడు. ఓస్లా అప్పుడు తిరిగింది. కొండవాలు లేతపచ్చగా ఉంది, ఒక్క పక్షి లేదు. ఆమె చేతి గడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలు.

గంటసేపు వేచి ఉన్నాం. రాలేదు. చీకటి పడకముందే గిబ్బీ పడవ తిప్పాడు. అతని గడ్డం తడిగా ఉంది, నీటితుంపరే అనుకుందాం. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అల మీదా, ఐదు నిమిషాల లెక్క మీదా, ఏమీ కోరకుండానే అంతా చూసేసిన నా కళ్ళ మీదా.

జెట్టీ మెట్ల మీద ఓస్లా కూలబడింది. ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది, అయినా పోసుకుంది.

"చెప్పు," అంది.

చెప్పాను. మోత ఆగడం, తెలుపు పాకడం, గడ్డి కనపడకపోవడం. సగంలో ఆమె ఎప్పటిలా అడ్డు తగులుతుందనుకున్నాను. తగల్లేదు.

"మళ్ళీ చెప్పు. వదలకుండా చెప్పు."

మళ్ళీ చెప్పాను. గిబ్బీ తాడు కడుతున్నవాడల్లా ఆగి వింటున్నాడు. అయిపోయాక ఓస్లా కప్పులో టీ నీళ్ళలోకి ఒంపేసింది.

"నమ్ముతున్నాను," అంది. "ఆస్పత్రిలో అమ్మతో ఈ ఒక్క మాట అనుంటే నా సొమ్మేం పోయేదే."